థాయిలాండ్ ప్యాకేజీలో రాయని చరిత్ర

మన ఆఫీసుల్లో ఎవరైనా "థాయిలాండ్ వెళ్తున్నా, లీవ్ కావాలి" అన్నారనుకోండి, చుట్టుపక్కల క్యూబికల్స్ లోంచి ముందు ఒక నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వుకి అర్థం అందరికీ తెలుసు కాబట్టి నేను వివరించను :) పెళ్ళైనవాళ్ళయితే "ఫ్యామిలీతోనే వెళ్తున్నా" అని వెంటనే చేర్చాలి. ఆ నవ్వు మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. కానీ అది ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్తాం. పటాయాలో బయల్దేరి టేకు అడవుల దాకా, ఏనుగుల దాకా, చివరికి మన కంప్యూటర్లో ఉండే కెపాసిటర్ దాకా.

నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళ ప్యాకేజీ ఏది తీసుకున్నా లిస్టు ఇంచుమించు ఒకటే. పటాయా, బ్యాంకాక్, ఫుకెట్, ఫీ ఫీ దీవులు, ఒక ఏనుగుల క్యాంపు, ఒక గుడి. కాస్త తీరిక ఉన్నవాళ్ళు చియాంగ్ మాయ్, ఖావో సోక్ కలుపుకుంటారు. ఈ మధ్య దీనికి "సస్టైనబుల్" అనే మాట తోడైంది. ప్లాస్టిక్ సీసా బదులు స్టీలు సీసా, మామూలు స్ట్రా బదులు కాగితం స్ట్రా. తప్పేం కాదు, చెయ్యండి. కానీ ఆ దేశంలో అడవీ, ఏనుగూ, పగడపు దిబ్బా ఈ మాత్రమైనా ఎలా మిగిలాయో తెలియకుండా ఈ మాట వాడితే అది బ్రోచర్ భాష అవుతుందని నా అభిప్రాయం. నాకు అర్థమైనంతలో, అక్కడ ఏదైనా మిగిలిందంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు "ఇక చాలు" అని తలుపు మూసినందుకే. ఆ తలుపు ఎవరు మూశారు, దాని ఖరీదు ఎవరు కట్టారు అన్నదే ఇక్కడ చెప్పదల్చుకున్న చరిత్ర.

ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం. 1960లో థాయిలాండ్‌కి వచ్చిన విదేశీ యాత్రికులు దాదాపు 81 వేల మంది. ఏడాది మొత్తానికి! అప్పటికి పటాయా ఒక జాలరి పల్లె. వియత్నాం యుద్ధం ముదిరాక అమెరికా థాయిలాండ్‌లో వైమానిక స్థావరాలు పెట్టుకుంది. 1967లో రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. వియత్నాంలో పోరాడే సైనికులు విశ్రాంతికి, వినోదానికి థాయిలాండ్ రావచ్చు. ఆ "వినోదం" కోసమే బార్లు, హోటళ్ళు, మసాజ్ పార్లర్లు లేచాయి. 1976 నాటికి అమెరికా సైన్యం వెళ్ళిపోయింది, కట్టిన గదులు మాత్రం మిగిలాయి. వాటిని నింపాలి కదా? 1979లో ప్రభుత్వం పర్యాటక సంస్థని పెద్దది చేసింది, 1987ని "విజిట్ థాయిలాండ్ ఇయర్" గా ప్రకటించింది. 1982 నాటికే విదేశీ మారకం సంపాదించడంలో టూరిజం బియ్యాన్ని దాటేసింది. 2019లో వచ్చినవాళ్ళు దాదాపు 4 కోట్లు. అందులో మనవాళ్ళు ఇంచుమించు 20 లక్షలు. 2023 నవంబర్‌లో మనకి వీసా అక్కర్లేదని ప్రకటించాక ఈ లెక్క ఇంకా పెరిగి 2024లో 20 లక్షలు దాటింది.

అంటే మన ఆఫీసు నవ్వు వెనక ఉన్నది థాయి సంస్కృతి కాదు, ఒక యుద్ధం. ఇంకెవరి యుద్ధమో. ఇది గుర్తుంచుకుంటే చాలు.

బియ్యాన్ని దాటేసింది అన్నాను కదా, అసలు కథ ఆ బియ్యం దగ్గరే ఉంది. 1855లో సయాం, అప్పటి థాయిలాండ్ పేరు అదే, బ్రిటన్‌తో బౌరింగ్ ఒప్పందం చేసుకుంది. దిగుమతి సుంకం మూడు శాతానికి కుదించారు, బియ్యం ఎగుమతికి తలుపులు బార్లా తెరిచారు. సయాం ఎవరికీ వలస దేశం కాలేదని వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, నిజమే. కానీ ఆ స్వాతంత్ర్యానికి కట్టిన కిస్తీల్లో ఇదొకటి. చావో ఫ్రయా నది మైదానంలో ఉన్న గడ్డి భూములు, చిత్తడి నేలలు వరుసగా వరి పొలాలయ్యాయి.

ఆ గడ్డి భూముల్లో ఒక జింక ఉండేది. కొమ్ములు పొదలాగా పది చీలికలై ఉండేవి. పేరు మాత్రం బ్యాంకాక్‌లో ఉన్న బ్రిటిష్ కాన్సల్ షోంబర్గ్ గారిది పెట్టారు. మన జింక, దొరగారి పేరు, ఈ వరస మనకీ తెలిసిందే. వానాకాలంలో వరద వస్తే ఇవి ఎత్తు దిబ్బల మీదకి చేరేవి, వేటగాళ్ళు పడవల్లో వచ్చి చుట్టుముట్టేవాళ్ళు. ఉన్న చోటు పొలమైంది, మిగిలిన చోటు ఉచ్చు అయింది. అడవిలో ఆఖరి దాన్ని 1932లో చంపారు. ఒక గుడిలో పెంచుకుంటున్న ఆఖరి జింకని 1938లో ఎవరో కొట్టి చంపారు. దానితో ఆ జాతి అయిపోయింది. థాయిలాండ్ ఎగుమతుల చరిత్రలో మొదటి రసీదు ఇదే అనుకోవచ్చు.

రెండోది టేకు. ఉత్తరాన చియాంగ్ మాయ్, లాంపాంగ్, ఫ్రే అడవుల్లోకి బోర్నియో కంపెనీ, బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ లాంటి బ్రిటిష్ కంపెనీలు దిగాయి. "ది కింగ్ అండ్ ఐ" సినిమా చూసినవాళ్ళకి రాజుగారి పిల్లలకి చదువు చెప్పిన ఆనా గుర్తుంటుంది. ఆవిడ కొడుకు లూయీ లియోనోవెన్స్ పెద్దయ్యాక చేసింది ఈ టేకు వ్యాపారమే.

పని జరిగే తీరు వింటే మన ప్రాజెక్టు ప్లాన్లు ఎందుకూ పనికిరావనిపిస్తుంది. పచ్చి టేకు నీళ్ళల్లో తేలదు. అందుకని చెట్టు మొదట్లో బెరడు చుట్టూ కోసి, నిలబడ్డది నిలబడ్డట్టే ఎండిపోయేలా రెండేళ్ళు వదిలేసేవారు. తర్వాత నరికి, ఏనుగులతో వాగు దాకా లాగించేవారు. వానాకాలం వరద వచ్చినప్పుడు దుంగలు పింగ్, వాంగ్, యోమ్, నాన్ నదుల్లోకి చేరేవి. ఆ నాలుగు నదుల నీళ్ళూ కలిసి చావో ఫ్రయా అయ్యేది నఖోన్ సవాన్ దగ్గర. పేరు మనదే, నగర స్వర్గం! అక్కడినుంచి తెప్పలుగా బ్యాంకాక్‌కి. కొన్ని దుంగలు అడవి వదిలాక బ్యాంకాక్ చేరడానికి ఏళ్ళు పట్టేది. మధ్యలో వాగులో ఇరుక్కుంటే విడిపించేది మళ్ళీ ఏనుగే.

1896లో సయాం ప్రభుత్వం అటవీ శాఖ పెట్టింది. దానికి మొదటి అధిపతిగా బర్మా అటవీ శాఖలో పనిచేసిన హెర్బర్ట్ స్లేడ్ అనే ఇంగ్లీషాయన్ని తెచ్చుకుంది. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగం. అంటే మన్యంలో పోడు చేసుకునేవాళ్ళని దొంగలుగా చూసిన 1882 మద్రాసు అటవీ చట్టం, సయాం అటవీ శాఖ, రెండూ ఒకే బడిలో చదువుకున్నాయన్నమాట. అల్లూరి సీతారామరాజు 1922 పితూరీకి అటవీ ఆంక్షలు ఒక ముఖ్య కారణమని మనకి తెలుసు. గోదావరి మీద రాజమండ్రికి దిగిన కలప తెప్పలూ తెలుసు. సయాంలో కూడా అటవీ శాఖ వచ్చాక ఉత్తరాది సంస్థానాల రాజుల చేతిలోంచి అడవి బ్యాంకాక్ చేతిలోకి పోయింది. అడవి మీద హక్కు అడవిలో ఉన్నవాళ్ళది కాకుండా పోవడం అక్కడ మొదలైంది. దీన్ని మళ్ళీ తర్వాత చూద్దాం.

అసలు నరుకుడు మాత్రం దొరల కాలంలో కాదు, తర్వాత జరిగింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 1961లో దేశంలో 53 శాతం అడవి ఉంటే, 1989కి 28 శాతం మిగిలింది. ఒక తరం కూడా గడవకుండా సగం మాయం. రోడ్లు పడ్డాయి, రోడ్ల పక్కన మొక్కజొన్న, కర్రపెండలం, చెరకు వచ్చాయి. అమెరికా డబ్బుతో వేసిన మిత్రఫాప్ హైవే, మిత్రభావమే అది, ఖావో యాయ్ కొండల పక్కనుంచే పోతుంది. తమాషా ఏమిటంటే ఆ కాలాన్ని నడిపించిన సైనిక నియంత సరిత్ థనరత్ హయాంలోనే 1962 సెప్టెంబర్ 18న ఖావో యాయ్ మొదటి జాతీయ పార్కు అయింది. దాని వెనక బూన్‌సోంగ్ లేఖకుల్ అనే డాక్టరు గారున్నారు. ఒకప్పుడు స్వయంగా వేటగాడు. వేటకి వెళ్ళినప్పుడల్లా జంతువులు తగ్గిపోవడం కళ్ళారా చూసి, వ్యాసాలు రాసి, ఉపన్యాసాలిచ్చి, అధికారుల వెంటపడి చట్టాలు చేయించాడు. ఖావో యాయ్‌లో ఇప్పటికీ హార్న్‌బిల్స్, గిబ్బన్లు, అడవి ఏనుగులు కనబడతాయంటే మొదటి తలుపు ఆయన మూసిందే.

పెద్ద తలుపు మూయడానికి మాత్రం శవాలు లేవాల్సొచ్చింది. 1988 నవంబర్‌లో దక్షిణాన నఖోన్ సి థమ్మరాట్ లో, నగర శ్రీధర్మరాజ అన్నమాట, కుండపోత వాన కురిసింది. ఏటవాలు కొండల మీద అడవి కొట్టేసి రబ్బరు వేసి ఉన్నారు. కొండ జారింది. బురదతో పాటు నరికి పడేసిన దుంగలు వేలకొద్దీ ఊళ్ళ మీదకి దొర్లుకొచ్చాయి. వందల మంది పోయారు. ఇళ్ళని ముంచింది నీళ్ళు కాదు, కలప. ఆ ఫోటోలు పేపర్లలో చూశాక దేశం ఊరుకోలేదు. 1989 జనవరిలో ప్రభుత్వం సహజారణ్యాల్లో కలప నరకడాన్ని దేశమంతటా నిషేధించింది. ప్రపంచంలో అంత పెద్ద నిషేధాలు అప్పటికి చాలా తక్కువ.

ఇక్కడ చప్పట్లు కొట్టేసి ముందుకి వెళ్ళిపోవచ్చు. కానీ ఇలాంటి నిర్ణయానికి రెండు బిల్లులు వస్తాయి. మొదటిది పక్కింటికి. థాయి కంపెనీలు సరిహద్దు దాటి బర్మా అడవుల్లో కాంట్రాక్టులు తెచ్చుకున్నాయి. సొంతింట్లో నిషేధం, పక్కింట్లో గొడ్డలి. రెండో బిల్లు ఏనుగుకి.

ఒక్కసారి ఆలోచించండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సయాంలో పెంపుడు ఏనుగులే లక్ష దాకా ఉండేవని అంచనా. 1917 దాకా వాళ్ళ జెండా మీద తెల్ల ఏనుగు ఉండేది. అదే దేశంలో 1939 నాటి చట్టం పెంపుడు ఏనుగుని ఎద్దు, గాడిదల వరసలో బరువులు మోసే పశువుగా లెక్కేసింది. 1989లో ఒక్క ఆర్డరుతో కలప లాగే ఏనుగులూ, వాటి మావటులూ బెంచ్ మీదకొచ్చేశారు. మన భాషలో చెప్పాలంటే కంపెనీ మూతపడింది, వేరే స్కిల్ లేదు, నోటీసు పీరియడ్ లేదు, కానీ ఆ ఉద్యోగి రోజుకి 150 కిలోల పైన మేత తింటాడు! అడవిలో వదిలేద్దామంటే అడవే సగమైపోయింది. దొంగ కలప లాగడానికి కొన్ని పోయాయి. కొన్ని బ్యాంకాక్ వీధుల్లో ట్రాఫిక్ మధ్య అరటిపళ్ళు అమ్మిస్తూ అడుక్కున్నాయి, రాత్రిళ్ళు గుద్దెయ్యకుండా తోకకి లైటు కట్టేవారు. మిగిలినవి టూరిస్టు క్యాంపులకి చేరాయి. మీరు ప్యాకేజీలో ఎక్కే ఏనుగు "థాయి సంప్రదాయం" కాదు. లేఆఫ్ అయిన కార్మికుడికి దొరికిన రెండో ఉద్యోగం.

ఆ ఉద్యోగం సుఖమైనదేం కాదు. గున్నని తల్లి నుంచి విడదీసి, కట్టేసి, కొట్టి లొంగదీసే పాత పద్ధతికి "ఫాజాన్" అని పేరు. ఆ పద్ధతిలో లొంగిన ఏనుగే తర్వాత ఫుట్‌బాల్ ఆడుతుంది, బొమ్మలేస్తుంది. అయితే "ఏనుగు క్యాంపులన్నీ బాయ్‌కాట్" అనే నినాదం కూడా సగం సత్యమే అంటాను. 2020లో కోవిడ్ వచ్చి టూరిస్టులు ఆగిపోగానే ఏం జరిగిందో చూశాం. మేత కొనడానికి డబ్బుల్లేక చియాంగ్ మాయ్ చుట్టుపక్కల క్యాంపుల నుంచి వందకి పైగా ఏనుగులు మావటులతో కలిసి కొండ దారుల్లో తమ ఊళ్ళకి నడుచుకుంటూ వెళ్ళిపోయాయి. ఆ ఊళ్ళల్లో పొలమూ, అడవీ కలిసి ఉన్నచోట బతికాయి, లేనిచోట ఆకలికి మాడాయి. దూరం నుంచి చూడనిచ్చే, ఎక్కనివ్వని, స్నానం పేరుతో రోజుకి పదిసార్లు నీళ్ళలో దింపని చోట్లున్నాయి. అక్కడికి వెళ్తే మేతకీ, మావటి జీతానికీ డబ్బు అందుతుంది. బోర్డు మీద "శాంక్చురీ" అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆ మాట బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు. "ఎక్కొచ్చా? షో ఉందా?" అని రెండు ప్రశ్నలు అడిగితే చాలావరకు తేలిపోతుంది.

ఖావో సోక్ సంగతికి వద్దాం. అక్కడి చియో లాన్ సరస్సు ఫోటోలు మీరు చూసే ఉంటారు. పచ్చటి నీళ్ళల్లోంచి నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు, నీళ్ళ మీద తేలే గదులు. "అన్‌టచ్డ్ నేచర్" అని దాని కింద రాస్తారు. అది 1980ల్లో కట్టిన రచ్చప్రఫా డ్యామ్ రిజర్వాయరు. 165 చదరపు కిలోమీటర్ల లోతట్టు అడవి నీళ్ళ కింద ఉంది. మీ బోటు కింద చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. నీళ్ళు పైకొస్తున్నప్పుడు, 1986లో, దీవుల్లా మారిన కొండ శిఖరాల మీద చిక్కుకున్న జంతువుల్ని పడవల్లో కాపాడే పని సూబ్ నాఖసాథియెన్ అనే అటవీ అధికారికి పడింది. ఆయన బృందం వెయ్యికి పైగా జంతువుల్ని పట్టి బయటికి తెచ్చింది. ఎన్ని మునిగిపోయాయో ఎవరూ లెక్క పెట్టలేదు. కాపాడినవాటిలోనూ చాలా చచ్చిపోయాయి. "డ్యామ్ కట్టి జంతువుల్ని తరలిస్తాం" అనే మాట ఎంత బోలు మాటో ఆయన తన చేతుల్తో తెలుసుకున్నాడు. తర్వాత పడమట థుంగ్ యాయ్ అడవిలో కట్టబోయిన నామ్ చోన్ డ్యామ్‌కి ఎదురు నిలిచినవాళ్ళలో ఆయనొకడు. ఆ ప్రాజెక్టుని 1988లో పక్కన పెట్టేశారు. నీళ్ళ కింద ఒక అడవి పోయాక, రెండో అడవి నిలిచింది.

తర్వాత సూబ్‌ని హువాయ్ ఖా ఖేంగ్ అభయారణ్యానికి అధిపతిగా వేశారు. కలప దొంగలు, వేటగాళ్ళు, వాళ్ళ వెనక పలుకుబడి ఉన్నవాళ్ళు. ఎదురు కాల్పుల్లో తన మనుషులు పోతుంటే, పైవాళ్ళు పట్టించుకోకుంటే, 1990 సెప్టెంబర్ 1న ఆయన తన ప్రాణం తనే తీసుకున్నాడు. వయసు నలభై. ఆయన బతికుండగా జరగని మీటింగులు కొద్ది రోజుల్లోనే జరిగాయి. ఏ అడవిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించమని ఆయన రాత్రింబవళ్ళు కాగితాలు తయారు చేశాడో, ఆ థుంగ్ యాయ్, హువాయ్ ఖా ఖేంగ్ అడవుల్ని 1991లో యునెస్కో గుర్తించింది. ఆ పశ్చిమ అడవుల్లో 2007లో నలభై దగ్గర లెక్కకొచ్చిన పులులు 2023కి నూట నలభై దాటాయి. ఆసియాలో ఇలా పులులు పెరిగిన చోట్లు, మన దేశాన్నీ నేపాల్‌నీ పక్కన పెడితే, చాలా అరుదు. 2018లో అదే థుంగ్ యాయ్‌లో నల్ల చిరుతని చంపిన కేసులో ఒక పెద్ద నిర్మాణ కంపెనీ అధినేతని రేంజర్లు పట్టుకున్నారు. 2021లో సుప్రీంకోర్టు ఆయన శిక్ష ఖాయం చేసి జైలుకి పంపింది. ముప్పై ఏళ్ళ క్రితం అయితే ఆ కేసు అంత దూరం వెళ్ళేదా అంటే, నేను వెళ్ళేది కాదనే అంటాను.

అధికారులే కాదు, భిక్షువులు కూడా తలుపులు మూశారు. 1980ల చివర్లో ఉత్తరాన ఫయావోలో ఫ్రాఖ్రూ మానస్ అనే బౌద్ధ భిక్షువు ఒక పని చేశాడు. పెద్ద చెట్టుకి కాషాయ వస్త్రం చుట్టి, మంత్రాలు చదివి, దానికి దీక్ష ఇచ్చినట్టుగా క్రతువు జరిపించాడు. చెట్టు నిజంగా సన్యాసి అవుతుందని ఎవరూ అనుకోరు. కానీ కాషాయం కట్టిన ఒంటి మీద గొడ్డలి వెయ్యడానికి ఎవరి చెయ్యి లేస్తుంది? రావికీ వేపకీ పెళ్ళి చేసి పసుపు కుంకుమ పెట్టిన చెట్టుని మన ఊళ్ళల్లో ఎవరైనా కొట్టారా? అదే లెక్క. నాన్ లాంటి జిల్లాలకి కూడా ఇది పాకింది. అందరికీ నచ్చిందనుకోకండి. ఈశాన్యాన అడవి కోసం నిలబడ్డ ఫ్రా ప్రజాక్ అనే భిక్షువుని 1991లో అరెస్టు చేశారు. ఇప్పుడు ఏ కొండ దారిలోనైనా కాషాయం చుట్టిన చెట్టు కనబడితే, సెల్ఫీ తీసుకోండి, అభ్యంతరం లేదు. కానీ అది అలంకారం కాదు, ఒకప్పటి ధర్నా అని తెలిసి తీసుకోండి.

ఇప్పుడు కెపాసిటర్. ఫుకెట్ అంటే మనకి బీచ్. 1980ల దాకా ఫుకెట్ అంటే తగరం. దీవంతా తవ్వి, సముద్రపు అడుగు కూడా తోడేవారు. తగరం తీశాక మిగిలిన చిట్టెంలో టాంటలం ఉంటుంది. చిన్న జాగాలో ఎక్కువ చార్జ్ పట్టే కెపాసిటర్లు చెయ్యడానికి అదే కావాలి. కంప్యూటర్ల గిరాకీ పెరుగుతుండగా ఫుకెట్‌లో ఒక టాంటలం ఫ్యాక్టరీ కట్టారు. ఊళ్ళో జనానికి భోపాల్ గుర్తుంది, అప్పటికి ఏడాదిన్నరే అయింది. 1986 జూన్ 23న వేల మంది వీధుల్లోకొచ్చారు. ఫ్యాక్టరీ మొదలవ్వకముందే తగలబెట్టేశారు. తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ ఒక్క రోజుతో ఫుకెట్ దారి తేలిపోయింది. తగరం ధర కూడా అప్పటికే పడిపోయి ఉంది. గనులు మూసి హోటళ్ళు కట్టారు. బాంగ్ తావ్ బీచ్‌లో ఉన్న లగూనా రిసార్టుల చెరువులు ఒకప్పటి తగరం గుంతలే.

కాబట్టి వరస ఇలా వచ్చింది. బియ్యం, టేకు, తగరం, ఆ తర్వాత టూరిస్టు. మొదటి మూడింటిలో సరుకు బయటికి పోయింది. నాలుగోదాంట్లో కొనేవాడే లోపలికొస్తున్నాడు. గుంత మాత్రం గుంతే అని మాయా బే నిరూపించింది.

ఫీ ఫీ దీవుల్లో ఉన్న ఈ చిన్న తీరం 1983 నుంచి జాతీయ పార్కులో భాగం. 1999లో "ది బీచ్" సినిమా కోసం దిబ్బల్ని చదును చేసి కొబ్బరి మొక్కలు నాటారు. స్థానికులు కోర్టుకెళ్ళారు, కేసు 20 ఏళ్ళకి పైగా నడిచింది. సినిమా వచ్చాక జనం వచ్చారు. రోజుకి ఐదారు వేల మంది ఒక పిడికెడు ఇసుక మీద. బోట్లు లంగరు వేసి పగడాలు విరగ్గొట్టాయి. 2018 జూన్ 1న మాయా బే మూసేశారు. మొదట నాలుగు నెలలన్నారు, తర్వాత నిరవధికం అన్నారు. వ్యాపారులు గగ్గోలు పెట్టారు. శాస్త్రవేత్తలు పగడాల ముక్కల్ని ఒక్కొక్కటే మళ్ళీ నాటారు. నల్లంచు రెక్కల సొరచేపలు పిల్లలు పెట్టడానికి తిరిగొచ్చాయి. 2022 జనవరి 1న తెరిచినప్పుడు రూల్స్ మారిపోయాయి. బోట్లు వెనకవైపే ఆగాలి, తీరంలో ఈత లేదు, విడతకి కొన్ని వందల మందికే ప్రవేశం, ఏటా వానాకాలంలో మళ్ళీ మూత. 2021 ఆగస్టులో పగడాలకి హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ని జాతీయ పార్కుల్లో నిషేధించారు.

అయితే ఈ "తలుపు మూయడం" ఎప్పుడూ పుణ్యకార్యమే అనుకుంటే పొరపాటు. ఎవర్ని బయట పెట్టి మూశారు అన్నది కూడా అడగాలి. బర్మా సరిహద్దులో కేంగ్ క్రచాన్ అడవి ఉంది. అక్కడ కరెన్ తెగవాళ్ళు పార్కు పుట్టకముందు నుంచీ పోడు చేసుకుంటూ బతుకుతున్నారు. 2011లో పార్కు అధికారులు వాళ్ళ ఇళ్ళు, ధాన్యపు కొట్లు తగలబెట్టారు. దాని మీద న్యాయం కోసం తిరిగిన పొలాజీ రక్‌చోంగ్‌చరోయెన్, అందరూ బిల్లీ అనేవారు, 2014 ఏప్రిల్ 17న అధికారుల అదుపులోకి వెళ్ళాక మళ్ళీ కనబడలేదు. 2019లో రిజర్వాయరులో దొరికిన ఎముక ముక్క ఆయనదేనని పరీక్షలో తేలింది. 2023లో కోర్టులో హత్యారోపణ నిలవలేదు. 2021లో యునెస్కో ఆ అడవికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. స్లేడ్ గారి కాలంలో అడవి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో, ఆ లెక్క ఇంకా తేలలేదన్నమాట. నల్లమల చెంచుల గురించి కొంచెం తెలిసినవాళ్ళెవరికైనా ఇది కొత్త కథ కాదు.

మరి రెండూ కుదరవా? అడవీ ఉండాలి, అడవిలో మనుషులూ ఉండాలి అంటే? కుదిరిన చోట్లున్నాయి. ఫుకెట్ పక్కనే కో యావ్ నోయ్ అనే దీవి. ఫాంగ్ ఙా అఖాతంలో పెద్ద ట్రాలర్లు ఒడ్డు దాకా వచ్చి చేపపిల్లలతో సహా ఊడ్చుకుపోతుంటే, అక్కడి ముస్లిం జాలరి కుటుంబాలు సంఘం కట్టి పోరాడాయి. తమ బాధ బయటి ప్రపంచానికి చెప్పడానికి 1990ల్లో ఇళ్ళల్లోనే అతిథుల్ని పెట్టుకోవడం మొదలెట్టారు. అతిథి వాళ్ళ పడవెక్కి వల వేస్తాడు, వాళ్ళు వండింది తింటాడు. ఇళ్ళకి వంతులవారీగా పంపకం, ఆదాయంలో కొంత ఊరి నిధికి. అక్కడ టూరిజం అసలు వ్యాపారం కాదు, చేపల వేటని నిలబెట్టుకోవడానికి ఒక ఊతం. చియాంగ్ మాయ్ దగ్గర మే కాంపోంగ్ కూడా ఇంతే. మియాంగ్ అని, తేయాకుని పులియబెట్టి తాంబూలంలా నమిలే అలవాటు వాళ్ళది. ఆ తోటల కోసం వాళ్ళు అడవి నీడని కొట్టలేదు. 2000లో హోమ్‌స్టే మొదలెట్టారు. ఇప్పుడు శని, ఆదివారాలు కాఫీ షాపుల దగ్గర కార్లు కిక్కిరిసిపోతాయి, అది వేరే సంగతి. ఏ మంచి మోడల్ అయినా లోడ్ టెస్ట్ దగ్గరే తేలేది :)

ఇదంతా చదివి "అయితే థాయిలాండ్ వెళ్ళొద్దంటావా?" అని అడగొద్దు. వెళ్ళండి. 2021లో అక్కడికి మొత్తం వచ్చిన విదేశీయులు నాలుగున్నర లక్షల్లోపే. ఆ ఏడాది మావటులూ, పడవ నడిపేవాళ్ళూ, హోటల్ గదులు ఊడ్చే ఆడవాళ్ళూ ఎలా బతికారో ఆలోచిస్తే, ఎవరూ వెళ్ళకపోవడం కూడా పరిష్కారం కాదని తెలుస్తుంది. నేను అడిగేదల్లా బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు. నేనిచ్చే డబ్బు ఆ ఊళ్ళో ఎవరి చేతికి వెళ్తుంది? నేను చూసే జంతువు నేను లేనప్పుడు ఎలా ఉంటుంది? ఈ చోటుని మూసే హక్కు ఎవరికైనా ఉందా, వాళ్ళు ఎప్పుడైనా దాన్ని వాడారా? నా లెక్కలో మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. మూయలేని చోటు మిగలదు. అది వరి మైదానం అయినా, టేకు కొండ అయినా, బీచ్ అయినా.

మనవాళ్ళు పార్కు గేటు దగ్గర "థాయి వాళ్ళకి తక్కువ, మనకి అన్ని రెట్లు ఎక్కువా?" అని వాదన పెట్టుకోవడం నేను చూశాను. ఆ అడవికి వాళ్ళు ఇప్పటికే కట్టింది చాలా ఉంది, అందుకే వాళ్ళకి డిస్కౌంటు అనుకోండి. ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో మాయా బే మూసి ఉందని, ట్రిప్ వేస్టయిందని ఎవరైనా తిట్టుకుంటుంటే మాత్రం ఒక మాట చెప్పండి. ఆ రెండు నెలలూ అక్కడ సొరచేపల సీజను. మన సీజను మిగతా పది నెలలూ ఉంది.